వేకువ ఎవరిది?

"రోజూ ప్రార్థన చేసుకుంటున్నావా అమ్మా?" గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాస్టరుగారు ఇంటికొస్తే ఆడవాళ్లను అడిగే మొదటి ప్రశ్న ఇదే. "టైం దొరకడం లేదండీ" అనేది మా జవాబు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది. తల దానంతటదే వంగుతుంది. ఇదే ప్రశ్న మగవాళ్లను అడగడం నేను పెద్దగా వినలేదు. మగవాడు చర్చికి రావడమే గొప్ప అన్నట్టు ఉంటుంది. ఆడదానికి మాత్రం హాజరుపట్టీ వేరు. ఎన్ని గంటలకు లేచావు, ఎన్ని అధ్యాయాలు చదివావు, ఎన్నిసార్లు మోకరించావు?

టైం లేకపోవడాన్ని విశ్వాసం లేకపోవడంగా లెక్కగట్టే ఈ అలవాటు మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. టైం గాలిలాగా అందరికీ సమానంగా దొరికేది కాదు. దానికి యజమానులుంటారు. పల్లె ఆడమనిషి పగలు ఆసామిది, పొద్దు వాలాక ఇంటిది, రాత్రి మొగుడిది. ఈ మూడింటి మధ్య దేవుడికి మిగిలేది ఎంత? ఆ మిగిలిన దాన్ని ఎవరు ఎలా సంపాదించారు? ఈ ప్రశ్న పట్టుకుని మా నల్లరేగడి నేల మీద ప్రార్థన చరిత్రను చదివితే, సంఘ చరిత్రల్లో మనకు చెప్పని కథ ఒకటి బయటపడుతుంది.

ఒంగోలులో ఒక కొండ ఉంది. ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. 1854 జనవరి 1న పొద్దు పొడిచే వేళ ఐదుగురు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య యుఫీమియా, నరసు అనే ఈ దేశపు బోధకుడు, జూలియా, రూతు. నెల్లూరులో 1840 నుంచి మిషన్ నడుస్తున్నా చెప్పుకోదగ్గ ఫలితం లేదనీ, ఎత్తేస్తే మంచిదనీ 1853లో అమెరికాలో చర్చ జరిగింది. అలాంటి సమయంలో ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వాళ్లు చేసిన ప్రార్థన అది. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, జాన్ క్లో ఒంగోలుకు కాపురం వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది.

ఈ కథ మా వైపు క్రైస్తవులందరికీ తెలుసు. కానీ ఎలా చెప్తారో చూడండి. జూయెట్ దొర ప్రార్థన, క్లో దొర పంట. కొండ మీది ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. అందులో ఇద్దరు ఈ దేశపు స్త్రీలు. వాళ్లను "తదితరులు"లో కలిపేశాం. నెల్లూరు మిషన్‌లో చదువుకున్న జూలియా తర్వాత కూడా స్త్రీల మధ్య పనిచేసింది. ఆ వేకువన ఆమె ఏమని ప్రార్థించిందో ఎవరూ రాసి పెట్టలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ వేళకు కొండెక్కగలిగినది ఎవరు? జూలియాకూ రూతుకూ ఆసామి పొలం లేదు. వాళ్ల వేకువ మిషన్‌ది కాబట్టి, వాళ్లు దాన్ని ప్రార్థనలో పెట్టగలిగారు. కొండ కిందున్న మాల మాదిగ పల్లెల్లో ఆడవాళ్లకు అదే వేకువ తిరగలి ముందు, పొయ్యి ముందు గడిచే వేకువ. ప్రార్థన కోసం పొద్దున్నే లేవమని చెప్పేవాళ్లకు తెలియనిది ఇదే. మా ఆడవాళ్లు ఎప్పుడూ పొద్దున్నే లేచే ఉన్నారు. లేవడం సమస్య కాదు. లేచాక ఆ పొద్దు తమది కాకపోవడం సమస్య.

కొండ మీది ప్రార్థనతోనే ఈ నేల మీద ధ్యానం మొదలయిందనుకోవడం కూడా పొరపాటు. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో క్రైస్తవం పాకడానికి మూలపురుషుడుగా చెప్పే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకోకముందు రాజయోగం నేర్చుకున్నవాడు. అది అతనికి నేర్పింది ఒక స్త్రీ. ఆమె పేరు బండికట్ల వీరమ్మ. ఊరూరా శిష్యులున్న గురువు. చెప్పులు కుట్టే మనుషులు పని ముగించుకుని ఒక స్త్రీ చెప్పిన పద్ధతిలో కళ్లు మూసుకుని కూర్చున్నారంటే, రోజులో కొంత సమయాన్ని తమ లోపలి కోసం తీసి పెట్టుకోవడం ఈ పల్లెలకు దొరలు తెచ్చిపెట్టిన అలవాటు కాదన్నమాట. ఆ అలవాటు నేర్పినవాళ్లలో ఆడమనిషి ఉంది. తర్వాత వచ్చిన సంఘాలు పురుషుడికే అప్పగించిన బోధకపీఠం మీద అంతకు ముందే ఒక వీరమ్మ కూర్చుని ఉంది.

వీరమ్మ సంగతి మనకు తెలియడానికి కారణం కూడా ఒక స్త్రీయే. ఎమ్మా రౌషెన్‌బుష్ 1880ల్లో ఒంగోలుకు మిషనరీగా వచ్చి, 1894లో క్లోను పెళ్లి చేసుకుంది. పేరయ్య లాంటివాళ్లు చెప్పిన జ్ఞాపకాల ఆధారంగా 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం ప్రచురించింది. చెప్పులు కుడుతూ మాట్లాడుకున్న మాటలన్నమాట. అంతకు ఒక్క ఏడాది ముందు, 1898లో, ఆమె ఇంకో పుస్తకం అచ్చయింది. అది స్త్రీల హక్కుల గురించి ఇంగ్లండులో మొట్టమొదట గొంతెత్తినవాళ్లలో ఒకరైన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద చేసిన పరిశోధన. వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌ను చదివిన కళ్లతో ఒంగోలు మాదిగవాడను చూసిన మనిషి కాబట్టే వీరమ్మ ఆమెకు కనబడిందని నేననుకుంటాను. ఎమ్మా కూడా మిషనరీయే, తెల్ల మనిషే, ఆమె చూపుకు ఆమె హద్దులున్నాయి. అయినా ఆ పేరును ఆమె జారిపోనివ్వలేదు.

ఇక ఆదివారం సంగతి. కొత్తగా క్రైస్తవులయ్యేవాళ్లకు క్లో మూడు షరతులు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పుకోడానికి ఇవి మత నియమాలు. పల్లెలో మాత్రం ఇవి మూడూ శ్రమకు సంబంధించిన నియమాలయ్యాయి. మాదిగ కుటుంబానికి ఊరి ఆసాములతో తరతరాల కట్టుబాటు. చెప్పులు, పశువుల పట్టెడలు, మోటకు తోలుబానలు, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, జాతరకు డప్పు. వారంలో ఒకరోజు రానంటే, జాతరకు డప్పు కొట్టనంటే, ఆ కట్టుబాటు తెగిపోతుంది. ఊరికి ఈ విషయం వెంటనే అర్థమయింది. కుమ్మరి వాళ్లకు కుండలు అమ్మకూడదన్నారు. వాళ్ల పశువుల్ని మేత బీడు మీంచి తోలేశారు. చెప్పులు కుట్టే పని ఇవ్వమన్నారు. ప్రార్థనకు ఒక రోజు కావాలన్నందుకు కడుపు మాడ్చుకోవలసి వచ్చింది. పల్లెకు వారపు సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. వెలి భరించి సంపాదించుకున్నది.

ఇంత గొప్పగా చెప్పుకునే ఆదివారం కూడా ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి సగంలోనే ఆగిపోయింది. పొలం పని ఆగింది. నీళ్లు మోయడం ఆగిందా? వంట ఆగిందా? ఆదివారం నాలుగు మెతుకులు ఎక్కువ వండాలి, బోధకుడు ఇంటికొస్తే కోడి కోయాలి. విశ్రాంతి దినపు ఆజ్ఞను ఒకసారి తీసి చూడండి. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి, వీళ్లెవరూ పని చేయకూడదని పేరుపేరునా చెప్తుంది. ఆ జాబితాలో భార్య లేదు. ఎద్దుకున్న సెలవు ఇల్లాలికి విడిగా రాసి లేదు. "నువ్వు" అన్నదాంట్లోనే ఆమె కూడా ఉందని పండితులు సర్దిచెప్తారు. మా ఇళ్లలో అలా ఎవరూ అర్థం చేసుకోలేదు.

1876-78 కరువులో క్లో బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' చదివినవాళ్లకు ఆ కాలువ గట్టు, ఆ ఆకలి గుర్తుంటాయి. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను ప్రపంచమంతా చెప్పుకుంది. అందులో ఆడవాళ్లు కూడా ఉన్నారు కదా, మర్నాడు పొద్దున వాళ్ల పని ఏం మారింది అని మాత్రం అడగలేదు. ఆ అంకెను నమ్మకం కొలతగా చూస్తారు గానీ, అంతమంది కూలి మనుషులు ఒక్కసారిగా ఆదివారం అడిగారు అన్న కొలతగా కూడా చూడొచ్చు.

గుంటూరు వైపు లూథరన్ల కథ ఇంకో దారిలో నడిచింది. 1842 జూలై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. లూథరన్లతో పాటు మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం వచ్చింది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, వాటి అర్థాలు. చివర్లో పొద్దున చేసే ప్రార్థన, రాత్రి చేసే ప్రార్థన, భోజనానికి ముందూ తర్వాతా చేసేవి. రోజును ప్రార్థనలతో కట్టిపెట్టే పద్ధతి మా ఇళ్లలోకి వచ్చింది ఈ పుస్తకంతోనే. పొద్దున ప్రార్థన అయ్యాక సంతోషంగా పనికి వెళ్లమంటాడు లూథర్. రాత్రి ప్రార్థన కాగానే వెంటనే నిద్రపొమ్మంటాడు. రెండోది మా నాయనమ్మ తు.చ. తప్పకుండా పాటించేది.

ఆ పుస్తకంలో ప్రతి భాగం పైనా ఒక మాట ఉంటుంది, ఇంటి యజమాని తన ఇంటివాళ్లకు దీన్ని తేలిగ్గా ఎలా నేర్పాలి అని. అంటే కుటుంబ ప్రార్థనకు అధిపతి మగవాడు. జర్మనీలో సొంత ఇల్లూ పనివాళ్లూ ఉన్న గృహస్థును దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. మా పల్లెలో మగవాడు పాలేరు. పాలేరు ఇంట్లో ఉండేది తక్కువ. ఆసామి గొడ్ల దగ్గర పడుకునేవాడు ఇంటి ప్రార్థన ఎలా నడిపిస్తాడు? మా కుటుంబంలో మూడు తరాలుగా విన్నదాన్ని బట్టి చెప్తున్నాను, ఆ పని చేసింది ఆడవాళ్లే. అక్షరం రాని ముసలమ్మలు కంఠతా పట్టి పిల్లలకు నేర్పారు. ఆ పెత్తనం మాత్రం పుస్తకంలో యజమాని పేరునే ఉండిపోయింది. ఇప్పటికీ మా ఇళ్లలో కూటం పెడితే, రోజూ ప్రార్థించే ఆడమనిషి నోరు మూసుకుని కూర్చుంటుంది, నెలకోసారి కనబడే అల్లుడిగారిని "మీరు ప్రార్థించండి" అంటారు.

దినమంతా ప్రార్థనకూ వాక్యానికీ పెట్టగలిగిన స్త్రీలు కొందరు ఉన్నారు. వాళ్లే బైబిల్ స్త్రీలు. చేతిసంచీలో సువార్త పుస్తకాలు పెట్టుకుని ఊరూరా నడిచారు. మగ బోధకులు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి స్త్రీల పక్కన కూర్చుని చదివి వినిపించారు, అక్షరాలు నేర్పారు. 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు ఊరందరికీ తెలుసు. ఆమె పేరు ఆసుపత్రి మీద నిలిచింది. ఆ కాలంలో గడపగడపకూ తిరిగిన బైబిల్ స్త్రీల పేర్లు ఏ గోడ మీదా లేవు. వాళ్ల మీద జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ఒక పుస్తకమే రాశాడు. కులం, లింగం, క్రైస్తవం మూడూ కలిసిన చోట తెలుగు స్త్రీలు చేసిన పనిని ముందుకు తెచ్చిన పుస్తకం అది. బైబిల్ స్త్రీ నాకు ఎందుకు ముఖ్యమంటే, ఈ నేల మీద ప్రార్థనకు పెట్టిన సమయానికి జీతం పుచ్చుకున్న ఆడమనిషి ఆమె. ఆ జీతం చిన్నదే. అయినా ఆమె నడక, ఆమె చదువు, ఆమె ప్రార్థన పనిగా లెక్కకొచ్చాయి.

ప్రార్థన సమయానికి వెనక ఎవరిదో శ్రమ ఉంటుందనేది ఒక్క మా ఊరి సంగతి కాదు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు రాసిన నియమావళిలో సన్యాసులు పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి కలిసి ప్రార్థించాలి. పన్నెండో శతాబ్దానికి వచ్చేసరికి సిస్టర్షియన్ మఠాల్లో రెండు రకాల మనుషులున్నారు. గుడిలో కీర్తనలు పాడే సన్యాసులు ఒకరు, పొలాలూ పశువులూ చూసుకునే చదువురాని సహోదరులు ఇంకొకరు. రెండోవాళ్లకు ప్రార్థనలు తగ్గించారు, చిన్నవి ఇచ్చారు. ఎందుకంటే పొలం ఆగదు. మఠంలో కనీసం ఈ లెక్క ఒప్పుకున్నారు. పని చేసే మనిషికి ప్రార్థన తగ్గించి ఇచ్చారు. మా చర్చిల్లో పని ఎక్కువున్న మనిషికే ప్రార్థన కూడా ఎక్కువ చెప్తారు.

మా నాయనమ్మ మిరపకోతల మనిషి. నాకు తెలిసిన ప్రార్థన చరిత్ర అంతా ఆమె చేతుల మీద ఉంది. కోతల కాలంలో ఆమె ఎప్పుడూ మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ప్రార్థించలేదు. అందరూ కళ్లు మూసుకుని అరచేతుల్లో మొహం దాచుకుంటే, ఆమె చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకునేది. చిన్నప్పుడు అది ఆమె భక్తి పద్ధతి అనుకున్నాను. మిరపకాయ ఘాటు ఎన్నిసార్లు కడిగినా చేతుల్ని వదలదు, కంటికి తగిలితే రాత్రంతా మంటే. పసిపిల్లను ఎత్తుకోవడానికి కూడా భయపడే చేతులు అవి. మా చర్చిలో మోకాళ్ల ప్రార్థన గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. చేతుల మంట గురించి ఒక్కటీ వినలేదు.

ఆమెకు ప్రార్థన అంటూ వేరే టైం లేదు. పొయ్యి రాజేస్తూ ఒకటి, కూటికుండ నెత్తిన పెట్టుకుని ముఠాతో నడుస్తూ ఒకటి, సాలు మొదట్లో వంగేటప్పుడు ఒకటి. "అట్లా నడుస్తూ గొణిగితే దేవుడికి వినబడుద్దా నాయనమ్మా?" అని అడిగాను. "ఆయనకేం తొందర లేదే అమ్మాయ్, తొందరంతా ఆసామికే" అంది. ఎంత చదివినా దీనికి మించిన వేదాంతం నాకు తగల్లేదు. దేవుడు నిదానంగా ఉంటాడు, ఆమె గొణిగిందాన్ని ఏరుకుంటాడు. కొలబద్ద పట్టుకుని నిలబడేది మేస్త్రి.

సంఘపు పంచాంగం, పంటల పంచాంగం మా నేల మీద ఎలా ఢీకొంటాయో కూడా చూడాలి. పత్తి తీతలు జోరుగా ఉన్నప్పుడు క్రిస్మస్ వస్తుంది. పత్తి కిలోల లెక్క, చేయి ఆగితే కూలి ఆగుతుంది. మిరపకోతలు సంక్రాంతి దాటాక ఊపందుకుని ఏప్రిల్ దాకా పోతాయి. శ్రమదినాలుగా పాటించే నలభై రోజులు సరిగ్గా ఆ మధ్యలోనే పడతాయి. ప్రపంచమంతా స్త్రీలు కలిసి ప్రార్థించే రోజుగా జరుపుతున్న మార్చి మొదటి శుక్రవారం కూడా కోతల నడిమధ్యనే. శ్రమదినాల్లో ప్రతి సాయంత్రం కూటాలు. పొద్దుగూకి కళ్లం నుంచి వచ్చిన ఆడమనిషి ఒళ్లు కడుక్కుని, వండి, పెట్టి, చర్చికి వచ్చేసరికి వాక్యం సగమవుతుంది. ఆమె గోడకు ఆనుకుని కునుకు తీస్తుంది. గెత్సేమనే తోటలో శిష్యులు నిద్రపోయిన కథ ఆ రోజుల్లోనే చెప్తారు. ఒక పాస్టరు ఆ కథ చెప్తూ వెనక కూర్చున్న ఆడవాళ్ల వైపు వేలు చూపించడం నేను చూశాను. ఆ శిష్యులెవరూ పొద్దుటి నుంచి మిరపకాయలు కోసి రాలేదు.

మా ఆడవాళ్ల రోజును మింగేసే ఇంకొక పని నీళ్లు. నీళ్ల గురించి మాట్లాడితే కారంచేడు గుర్తుకురాక తప్పదు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరు అప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండేది. 1985 జూలై 16న మాదిగల మంచినీళ్ల చెరువును ఆసాముల పిల్లలు మురికి చేస్తుంటే అడిగినవాడిని కొట్టబోయారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం చుట్టూ దళిత మహాసభ పుట్టుకొచ్చింది. ప్రార్థన కోసం కట్టుకున్న చోటు న్యాయం అడిగే చోటయింది. ఆ స్త్రీల దగ్గర ప్రార్థనను, న్యాయాన్ని విడదీయడం ఎవరికి సాధ్యం? సువార్త అనే పేరుకు నాకు తెలిసిన అర్థాల్లో ఆ ఎత్తిన బిందె కూడా ఒకటి.

మా అమ్మ తరానికి చదువు వచ్చింది, టీచరు ఉద్యోగం వచ్చింది. ఆసామి పోయాడు, బడిగంట వచ్చింది. ఆ తరంలోనే ప్రార్థన ఇంకో రూపం తీసుకుంది. పొద్దున్నే ఒంటరిగా కూర్చుని బైబిలు చదివి ధ్యానించడం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండు, అమెరికా విద్యార్థుల మధ్య 'ఉదయకాలపు కావలి' పేరుతో వ్యాపించిన అలవాటు ఇది. విద్యార్థి గది, తలుపు, టేబులు, దీపం ఉన్నవాళ్ల అలవాటు. వర్జీనియా వుల్ఫ్ 1929లో రాయాలంటే స్త్రీకి సొంత గది కావాలంది. ప్రార్థించాలన్నా అదే కావాలి. మా అమ్మకు గది లేదు. వంటింట్లో బియ్యం డబ్బా మీద ఒక పుస్తకం ఉండేది, 'ఎడారిలో సెలయేర్లు'. రోజుకో పేజీ. ఎసరు మరిగేలోపు ఒక పేజీ అయిపోతుంది. పసుపు, నూనె మరకలతో ఆ పుస్తకం పేజీలు అంటుకుపోయి ఉండేవి.

తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఈ పుస్తకం లేని ఇల్లు అరుదు. దాన్ని కూర్చిన మనిషి లెట్టీ కౌమన్. జపానులో మిషనరీగా పనిచేసి జబ్బు పడిన భర్తకు ఆరేళ్లు మంచం పక్కన చాకిరీ చేస్తూ, దొరికిన ఖాళీల్లో చదివినవీ ఏరి పెట్టుకున్నవీ ఆ పేజీలు. భర్త 1924లో చనిపోయాడు, పుస్తకం 1925లో వచ్చింది. అట్ట మీద మాత్రం 'మిసెస్ చార్లెస్ ఇ. కౌమన్' అని ఉంటుంది. పేరు కూడా భర్తదే. రోగి పక్కన కూర్చుని తుంపులు తుంపులుగా చదివిన ఒక ఆడమనిషి పుస్తకాన్ని, ఎసరు ముందు నిలబడి తుంపులు తుంపులుగా చదివిన ఇంకో ఆడమనిషి అందుకుంది. రోజుకో చిన్న పేజీ అన్న ఆ రూపమే ఆడవాళ్ల టైంలోంచి పుట్టింది. మా అమ్మ ఒకసారి స్త్రీల సమాజంలో తాను రోజూ ఒక పేజీ చదువుతానని చెప్తే, అది ధ్యానం కాదు, హడావుడి అని తేల్చేశారు. తేల్చిన పెద్దమనిషి ఇంట్లో కాఫీ ఆయన చేతికి వచ్చేది.

ఇలాంటి చోట తప్పకుండా వచ్చే కథ మార్త మరియలది. లూకా పదో అధ్యాయం. మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని విన్నది, మార్త పనుల్లో తొందరపడింది, మరియ మంచిదాన్ని ఎంచుకుంది. ఈ కథ చెప్పి మమ్మల్ని మరియల్లా ఉండమంటారు. కూటమయ్యాక మార్తల్లా టీ పెట్టమంటారు. ఆ కథలో మరియకు దొరికింది అప్పటి స్త్రీలకు లేని హక్కు. గురువు పాదాల దగ్గర కూర్చోవడం అంటే శిష్యురాలు కావడం. దాన్ని ఆమె నుంచి తీసేయడానికి వీల్లేదని యేసు అన్నాడు. అది స్త్రీ చదువు గురించి చెప్పిన మాట. దాన్ని మనం స్త్రీని తప్పుపట్టే మాటగా మార్చుకున్నాం. మార్త గురించి కూడా సగమే చెప్తారు. యోహాను పదకొండో అధ్యాయంలో యేసును క్రీస్తుగా ఒప్పుకుని పలికింది మార్త. అలాంటి మాటే అన్నందుకు పేతురు మీద సంఘమే కట్టారు. మార్త పేరున మా దగ్గర వంటగది తప్ప ఏమీ కట్టలేదు. పన్నెండో అధ్యాయానికి వచ్చినా ఆమె ఇంకా వడ్డిస్తూనే ఉంటుంది. ఆ గదిలో ఉన్న మగవాళ్లలో ఒక్కడు లేచి గిన్నె అందుకుంటే ఆ రోజే మార్త కూడా కూర్చునేది. ఈ ప్రసంగం ఎవరైనా చేస్తారేమోనని ఎదురుచూస్తున్నాను.

ఇప్పుడు నా తరం. 2020 లాక్‌డౌన్ రోజుల నుంచి మా వైపు ఫోన్ ప్రార్థనలు బాగా పెరిగాయి. పొద్దున ఐదింటికి లైన్లోకి రావాలి. నేనూ ఉంటాను. ఫోను పొయ్యి గట్టు మీద ఉంటుంది. లైన్లో సగం మంది ఆడవాళ్లమే, సగానికి పైగా మ్యూట్‌లో ఉంటాం. ఎందుకంటే కుక్కర్ విజిల్, మిక్సీ, పిల్లల ఏడుపు. మ్యూట్ తీయమని చెప్పినప్పుడు ఆ చప్పుళ్లన్నీ ఒక్కసారిగా లోపలికొస్తాయి. "దయచేసి నిశ్శబ్దంగా ఉండండి" అంటారు నడిపించే బ్రదర్. ఆయన లైన్లో ఏ చప్పుడూ ఉండదు. ఆ నిశ్శబ్దం ఆయనకు ఎవరిచ్చారో నాకు తెలుసు. వాళ్లావిడ కూడా మ్యూట్‌లోనే ఉంటుంది.

ఇదంతా రాస్తున్నది ప్రార్థన వద్దని చెప్పడానికి కాదు. చదువుకున్న స్నేహితులు కొందరు, ఇంత తెలిసీ ఇంకా చర్చికెందుకు పోతావు అంటారు. నాకు ప్రార్థన కావాలి. వీరమ్మ శిష్యులు కళ్లు మూసుకున్న ఆ కాసేపు, ఆదివారం కోసం పల్లె వెలి భరించిన ఆ రోజు, మా నాయనమ్మ సాలు మొదట్లో వంగుతూ గొణిగిన ఆ రెండు మాటలు, ఇవన్నీ యజమాని లెక్కలోకి రాని సమయాలు. రోజంతా ఎవరికో అమ్ముడుపోయిన మనిషి తనకోసం దాచుకున్న సమయాలు. మా ఆడవాళ్లకు సొంత ఆస్తి అంటూ ఏమైనా ఉంటే అదే. దాన్ని మళ్లీ ఒక బాధ్యతగా మార్చి, చాలలేదని మందలించి, మా చేతే క్షమాపణ చెప్పించుకునే పద్ధతినే నేను ఒప్పుకోను.

అందుకని మా స్త్రీల సమాజాల్లో కొన్ని సంగతులు మాట్లాడుకోవాలని అడుగుతున్నాను. కోతల కాలంలో కూటాల వేళ ఎవరు నిర్ణయిస్తున్నారు? కూలికి వెళ్లే ఆడవాళ్లను అడిగి పెడుతున్నారా? కూటమయ్యాక గ్లాసులు ఎవరు కడుగుతున్నారు? కుటుంబ ప్రార్థన నడిపించే హక్కు రోజూ ప్రార్థించే మనిషికి ఎందుకు లేదు? ఆదివారం మధ్యాహ్నం వంట మగవాళ్లు చేస్తే ఏ ఆజ్ఞ మీరినట్టు? ఇవి చిన్న సంగతులుగా కనబడతాయి. ఆదివారం పనికి రానని పల్లె మొదటిసారి చెప్పినప్పుడు అది కూడా చిన్న సంగతే. అయినా ఊరు ఉలిక్కిపడింది.

ఈసారి పాస్టరుగారు మన ఇంటికొచ్చి "రోజూ ప్రార్థన చేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగితే తల వంచకండి. పక్కనే కుర్చీలో కూర్చున్న మీ ఇంటాయన్ని చూపించి, "ఆమెకు రోజూ ఒక గంట ఖాళీ చేసి పెడుతున్నావా అయ్యా?" అని ముందు ఆయన్ని అడగమనండి.